ఎనిమిది కిటికీల ఇల్లు

కొత్త ఇల్లు కట్టేటప్పుడు నేను అడిగింది ఒక్కటే, వంటింటికి కిటికీ. గ్రానైట్ గట్టు అడగలేదు, టేకు తలుపులు అడగలేదు. నరసరావుపేటలో మేము అద్దెకున్న వాటాలో వంటగదికి తలుపు తప్ప మరో సందు లేదు. పద్నాలుగేళ్లు అందులో మిరపకాయలు వేయించాను. మా వైపు పచ్చడి లేకపోతే అది అన్నమే కాదంటారు, వేయించే మనిషి ఏమైపోయినా సరే. ఆ ఘాటుకు మొదట దగ్గు వచ్చింది, తరువాత ఆయాసం, ఆ తరువాత ఎక్కడికి పోయినా వెంట ఉండాల్సిన పీల్చే మందు. ముందు ఈమె వండే చోట గాలి ఆడేలా చూడండి, మందుల సంగతి తరువాత అని డాక్టరమ్మ మా ఆయనకు చెప్పింది. ఆయన తలూపాడు. నడికుడి వైపు సున్నపురాయి లారీ తోలే మనిషి ఆయన. రోజంతా అద్దం దించుకుని పోతుంటాడు, గాలి కరువంటే ఏమిటో ఆయనకేం తెలుసు?

ఊరి చివర మామగారి స్థలాన్ని అన్నదమ్ములిద్దరూ పంచుకున్నారు. దక్షిణం సగంలో మా బావగారు, అంటే మా ఆయన అన్న, ముందే ఇల్లు కట్టుకున్నారు. ఉత్తరం సగం మాది. మనుషులు మసలే ప్రతి గదికీ బయటి గాలి తగిలే కిటికీ ఉండాలని, చుట్టూ జాగా వదలాలని, లేకపోతే మునిసిపాలిటీలో ప్లాను పాసు కాదని ఇంజనీరు చెప్పాడు. ఆ రూలు రాసిన మనిషి ఎవరో గానీ మనసులోనే దండం పెట్టుకున్నాను. వంటగది ఆగ్నేయంలో వచ్చింది. తూర్పు గోడకు మెట్లు అడ్డం వచ్చాయి కాబట్టి కిటికీ దక్షిణానికి గీశాడు.

గోడలు లేచాక బావగారు సిద్ధాంతిని వెంటబెట్టుకొచ్చారు. సిద్ధాంతి వేలు ఆడిస్తూ ఇల్లంతా తిరిగి కిటికీలు లెక్కపెట్టాడు. పది. కిటికీలు సరిసంఖ్యలో ఉండాలట, కానీ చివర సున్నా రాకూడదట. పదయితే సున్నా, తొమ్మిదయితే బేసి. ఎనిమిది చేయమన్నాడు. పన్నెండు చేయొచ్చు కదా అని నేనడిగాను. సిద్ధాంతి నా వంక చూడనైనా చూడలేదు. అది ఇల్లా, జల్లెడా అని బావగారు నవ్వారు.

రెండు మూయాలి. ఒకటి మెట్ల పక్కనున్న సామాన్ల గదిది. రెండోది ఏదన్నప్పుడు బావగారి కళ్లు వంటగది మీదికి పోయాయి. ఆ కిటికీ తెరిస్తే ఎదురుగా వాళ్ల వరండా. సాయంత్రాలు ఆయన అక్కడ కుర్చీలు వేయించి వార్డు రాజకీయం నడుపుతారు. వచ్చిన పెద్దమనుషులు నా పోపు ఘాటుకు తుమ్ముతారని ఆయన బాధ. ఆ మాట పైకి అనకుండా, దక్షిణం యముడి దిక్కు కదా అన్నారు. సిద్ధాంతి అవునన్నాడు. ఎవరు తాంబూలమిస్తే వాళ్ల వైపు మాట్లాడే శాస్త్రం అది. నేను మా ఆయన వైపు చూశాను. ఆయన ఇటుకల వైపు చూశాడు.

"అది మూస్తే నాకు ఊపిరాడదు," అన్నాను.

"ఏందమ్మాయ్, మా అమ్మ కట్టెల పొయ్యి మీద పదిమందికి వండింది. ఆమెకేమైంది?" అన్నారు బావగారు.

ఆమెకేమైందో వీధి మొత్తానికి తెలుసు. యాభై దాటకుండానే దగ్గి దగ్గి పోయింది. నేను కాపురానికి వచ్చేసరికే ఫొటోలో ఉంది. ఆమె కన్న ఇద్దరు మగపిల్లలూ నా ముందు నిలబడి ఉన్నారు, ఒక్కడికీ ఆ సంగతి గుర్తు రాలేదు.

కిటికీ మూసేశారు. అయితే ప్లానులో అక్కడ కిటికీ ఉంది, చూడటానికి వచ్చేవాళ్లకు కనపడాలి కదా అని ఇంజనీరు గొణిగాడు. దానికీ బావగారే దారి చూపించారు. బయటి వైపు ఫ్రేము, తలుపులు, ఇనుప గ్రిల్లు బిగించి, వాటి వెనక నాలుగంగుళాల గోడ కట్టి లోపల ప్లాస్టరింగ్ చేయించారు. తెరుచుకోని కిటికీ లెక్కలోకి రాదని సిద్ధాంతి సెలవిచ్చాడట. శాస్త్రానికి అది గోడ, మునిసిపాలిటీకి కిటికీ. పోనీ పొగ లాగే ఫ్యానైనా పెట్టించమంటే, ఆ కన్నం కూడా లెక్కకొస్తుందేమోనన్న అనుమానం వచ్చి అదీ మానుకున్నారు.

మునిసిపాలిటీ నుంచి వచ్చినాయన ఇంటి చుట్టూ తిరిగి ఫోనుతో ఫొటోలు తీసుకున్నాడు. మంచి ఎండ, లోపలికి వచ్చే ఓపిక లేదు ఆయనకు. గుమ్మంలో నిలబడ్డ నన్ను, వంటింట్లో గాలీ వెలుతురూ బాగున్నాయా అమ్మా అని అడిగాడు. ఆ ఇంటి గురించి నన్ను ఒక మాట అడిగిన మొదటి మగవాడు ఆయన. లోపలికి రండి, చూపిస్తాను అంటే సరిపోయేది. వెనక మా ఆయన బతిమాలుతున్నట్టు చూస్తున్నాడు. బాగున్నాయండీ అన్నాను. పైగా చల్లటి మజ్జిగ ఇచ్చి పంపాను. ఎవర్ని ఎంత తిట్టుకున్నా ఆ ఒక్క మాటకు తిట్టాల్సింది మాత్రం నన్నే.

గృహప్రవేశమైన నాలుగో నెలలో, గోంగూర పచ్చడికి మిరపకాయలు వేయిస్తుంటే ఊపిరి లోపలికి పోవడం ఆగిపోయింది. గ్యాసు కట్టేసి, గోడ పట్టుకుని హాల్లోకి వచ్చి పడ్డాను. తోడికోడలు చూసి ఆటోలో ఆసుపత్రికి చేర్చింది. మూడు రోజులు ముఖానికి మాస్కు పెట్టి మందు పీల్పించారు. మాట్లాడే శక్తి లేదు కాబట్టి, సిద్ధాంతితో మొదలుపెట్టి ఒక్కొక్కరినీ వరసగా మనసులోనే తిట్టుకున్నాను.

మూడో రోజు మా ఆయన క్యారియర్ పట్టుకుని వచ్చాడు. హోటలు కూడు సయించక, తనే మిరపకాయలు వేయించి పచ్చడి చేసుకున్నాడట. కళ్లు ఎర్రబడ్డాయి, గొంతు బొంగురుపోయింది. మంచం పక్కన కూర్చుని కూడా దగ్గుతూనే ఉన్నాడు. అబద్ధమెందుకు, నాకు చాలా సంతోషం వేసింది.

నన్ను ఇంటికి తెచ్చిన రోజే ఎక్కడి నుంచో గడ్డపార తెచ్చి వంటగది గోడ పొడవడం మొదలుపెట్టాడు. చప్పుడుకు బావగారు పరుగెత్తుకొచ్చి, లెక్క తొమ్మిదవుతుందని, ఇంటికి అరిష్టమని కేకలేశారు. మా ఆయన వినిపించుకోలేదు. వినిపించుకోకపోవడం ఆయనకు బాగా అలవాటే. బావగారు విసవిసా వెళ్లిపోయారు. ఇటుకలు గట్టు మీద పడ్డాయి, దుమ్ము లేచింది. ఆయన గ్రిల్లు సందులోంచి చేయి పెట్టి బయటి తలుపులు నెట్టాడు. గాలి వచ్చింది.

ఆయన తువ్వాలుతో ముఖం తుడుచుకుని నా వైపు తిరిగాడు.

"ఏమే, ఇంత నరకంగా ఉంటదని చెప్పొచ్చు గదే," అన్నాడు.

ప్రేమగానే అన్నాడు. అందుకే ఒళ్లు మండిపోయింది.

"పద్నాలుగేళ్లు చెప్పా. మీకు దగ్గు రాలా, అందుకని వినపళ్ళా," అన్నాను.

ఆయన తల వంచుకుని ఇటుకముక్కలు ఏరడం మొదలుపెట్టాడు. నేను కిటికీ దగ్గరికి పోయి గుండెల నిండా గాలి పీల్చుకున్నాను. కోపం తగ్గుతుందనుకున్నాను. తగ్గలేదు సరికదా, ఊపిరి సరిగ్గా ఆడేసరికి తిట్టడానికి బలం కూడా వచ్చింది. ఎదురుగా వరండాలో బావగారు నలుగురితో కూర్చుని ఉన్నారు. గ్రిల్లు పట్టుకుని, ఆయనకు వినపడేలా మొదలుపెట్టాను.