ఒరకు కట్టిన తాడు

టక్కుమన్న చప్పుడు విని పొయ్యి మీద పాలు వదిలేసి బయటకు వచ్చాను. మా అమ్మాయి లావణ్య వరండాలో కూర్చుని అప్పుడే వచ్చిన పార్శిల్ విప్పింది. చేతిలో చిన్న కత్తి, దానికి నల్లటి ప్లాస్టిక్ ఒర. కత్తి దించితే టక్, తీస్తే టక్. సోమవారం నుంచి లావణ్య పశువుల దవాఖానాలో అసిస్టెంట్‌గా చేరుతోంది. ఊళ్లు తిరగాలి, చీకటి కొట్టాల్లో దూరాలి, కట్లు తెంపుకునే బర్రెల మధ్య పని చేయాలి. జేబులో ఒక కత్తి ఉండాలని చెప్పింది నేనే. కానీ ఎంచి పెడతానన్నాను తప్ప ఇంటికి తెప్పించుకోమనలేదు.

"ఇటు తే," అని లాక్కుని చీర మీద తొడుక్కున్న చొక్కా జేబులో పెట్టుకున్నాను. గొంతుక్కూర్చున్నాను, లేచాను. వంగి బకెట్ ఎత్తాను. స్కూటీ ఎక్కి దిగాను. తర్వాత జేబులో చెయ్యి పెట్టి ఒక్క గుంజు గుంజాను. కత్తి వచ్చింది, దాంతోపాటు ఒరా వచ్చింది.

"చూసినవా? ఒర దాని మీదనే ఉన్నది. దీంతోని ఏం కోస్తవు, గాలినా?"

"రెండో చేత్తోని ఒర తీసేస్తనమ్మా. గంతదానికి గింత కథనా?"

"రెండో చెయ్యి ఖాళీ ఉండది," అన్నాను. ఆ మాట నాది కాదు. లోపల పాలు పొంగి పొయ్యి ఆరిపోయినా నేను అక్కడే నిలబడి ఉన్నాను. ఆ రోజు నుంచి నాకు కుదురు లేదు. మొయినాబాద్‌లో ఇనుప సామాను దుకాణాలన్నీ తిరిగాను, చేవెళ్ల మార్కెట్‌లో రెండుసార్లు తిరిగాను. ఒకదానికి పిడి జారుతుంది, ఒకదానికి మొన మరీ సన్నం, ఒకటి జేబులో పడితే తొడకు గుచ్చుకుంటుంది. దుకాణాల వాళ్లు నేను గొంతుక్కూర్చుని లేస్తుంటే ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వాళ్లకు వెంకటేశం సేటు తెలియదు. ఇది చదువుతున్న మీకూ తెలియదు కాబట్టి ఆయన గురించి చెబుతాను.

చేవెళ్ల మార్కెట్ దారిలో ఆయన దుకాణం ఉండేది. తాళ్లు, కొడవళ్లు, మెడపట్టెలు, గంటలు, పాల క్యాన్లు. లోపల అడుగు పెడితే జనుము, ఇనుము, ఆముదం కలిసిన వాసన వచ్చేది. సేటు మనిషి సన్నం, గొంతు మాత్రం పెద్దది. మెడ చుట్టూ ఎప్పుడూ తువ్వాల ఉండేది. మా ఊరు ఆలూరు. అప్పట్లో మాకు రెండు బర్రెలుండేవి. కొత్తగా కొన్న బర్రె మెడకు కట్టడానికి నైలాన్ తాడు కావాలని ఒకనాడు ఆయన దుకాణానికి వెళ్లాను.

"ఇస్త. జేబుల కత్తి ఉన్నదా అమ్మా?" అని అడిగాడు.

"తాడు అడుగుతుంటే కత్తి సంగతేంది?"

"ఇది నైలాన్. బర్రె కాలు జారి పడి మెడకు బిగిసిందనుకో, ముడి నీ పండ్లతోని గుంజినా ఊడది. కోసేటందుకు ఏమన్న దగ్గర ఉన్నోళ్లకే ఇస్త. లేకుంటే జనుపతాడు తీస్కపో."

నాకు ఒళ్లు మండింది. "తాడు చూపిచ్చి కత్తి అంటగడుతున్నవా సేటు? గిదేం యాపారం?"

"నా దగ్గర కొనమన్ననా? నీ ఇంట్ల ఉన్నదే తెచ్చి చూపియ్యి."

మర్నాడు కూరగాయలు కోసే కత్తిని గుడ్డలో చుట్టుకుని వెళ్లి ఆయన ముందు పెట్టాను. ఇప్పుడేమంటాడో చూద్దామని నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడ్డాను. ఆయన నవ్వలేదు. నడుములో దోపుకుని కూర్చొమ్మన్నాడు. సగం కూర్చునేసరికి అది పక్కలో పొడిచింది, కెవ్వుమన్నాను. అప్పుడు నవ్వాడు, కళ్లలో నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. నేను కోపంతో వెళ్లిపోతుంటే వెనక నుంచి పిలిచాడు. "గింత కోపం ఉన్న మనిషి నా గల్ల కాడ కూసుంటే బాగుంటది. బేరాలాడేటోళ్లతోని నాకైతే అయితలేదు. పనికొస్తవా?" తిట్టాలని వెనక్కి తిరిగిన దాన్ని, వస్తానని చెప్పి ఇంటికి వెళ్లాను. ఎందుకు ఒప్పుకున్నానో దారి పొడవునా నాకే అర్థం కాలేదు.

ఆయన కత్తులు అమ్మే తీరు చూడటానికే కొందరు వచ్చి కూర్చునేవాళ్లు. జేబు కత్తి అడిగిన మనిషికి ముందు చెయ్యి చాపమనేవాడు. కోసే అలుగు పొడవు నాలుగు వేళ్ల వెడల్పును మించొద్దు. పిడి మాత్రం పిడికిలి నిండా ఉండాలి. మడత చాకులు ఆయన దగ్గర ఉండేవి కానీ గాజు డబ్బాలో వెనక ఉండేవి. "అవి మామిడికాయకు. రెండు చేతులు ఖాళీ ఉన్నోళ్ల సామాను," అనేవాడు. ఎంచిన కత్తి పిడికి సబ్బునీళ్లు రాసి పట్టుకోమనేవాడు. ఆ తర్వాత ఒర చూడాలి. తోలు ఒర సగం పిడిని కూడా మింగాలి, తలకిందులు చేసి ఊపినా కత్తి జారకూడదు. అన్నీ అయ్యాక జేబులో పెట్టుకుని కూర్చోవాలి, వంగాలి, బండి ఎక్కాలి. ఇంత చేసినా నచ్చకపోతే ఆయనే ఇంకో దుకాణం పేరు చెప్పి పంపేవాడు. నాకు ఒళ్లు మండేది, వచ్చిన గిరాకీని ఎవరైనా తరుముతారా అని.

మోకిలలో కొత్తగా ఇల్లు కట్టుకున్న సాఫ్ట్‌వేర్ ఆయన ఒకరు వచ్చారు. గుంటూరు వైపు మనిషి, సరదాకి రెండు ఆవుల్ని పెంచుతున్నారు. వస్తూనే గోడకు వేలాడుతున్న పొడుగు కత్తి చూపించి, "అదిగోండి, అది ఇచ్చేయండి," అన్నారు. సేటు ఇచ్చాడు. బిగుతు ప్యాంటు జేబులో పెట్టుకుని గొంతుక్కూర్చోబోయి ఆయన మధ్యలోనే ఆగిపోయారు. "చిన్నదే చూపించండి," అన్నారు పళ్లు బిగపట్టి. చిన్నది సరిపోయింది. తీసి చూపించమంటే గుంజారు, ఒరతో సహా వచ్చింది.

"ఏముందండీ, ఎడమ చేత్తో లాగేస్తాను."

"ఎడమ చెయ్యి ఖాళీ ఉండది సార్," అని సేటు ఆయన ఎడమ చేతిలో ఒక తాడు కొస పెట్టి, రెండో కొస పట్టుకుని ఆవులాగా గుంజాడు. ఆయన తూలి పాల క్యాన్ల మీద పడబోయారు. ఆ చేతిలో తాడు, ఈ చేతిలో ఒర తొడిగిన కత్తి. దుకాణంలో ఉన్నవాళ్లంతా నవ్వారు, ఆయనా నవ్వారు. సేటు మాత్రం ఆయన నడుం దగ్గర కూర్చుని జానెడు సన్నతాడు తీసి, ఒక కొస ఒరకున్న చిల్లుకు, రెండో కొస ప్యాంటుకు బెల్టు దూర్చే పట్టీకి కట్టాడు. "ఇగ గుంజుండ్రి." ఈసారి ఒర తాడు పొడవు దాకా వచ్చి ఆగిపోయింది, కత్తి ఒక్కటే చేతికి వచ్చింది. ఆయన వాకిట్లోకి వెళ్లి మళ్లీ మళ్లీ తీసి పెట్టుకుంటూ కారెక్కారు.

నాకు కత్తి ఎంచిందీ సేటే. "గల్ల కాడ కూసునేదాన్ని, నాకెందుకు?" అన్నాను. "నీకు బర్రెలున్నయి గద. కట్టుకో," అన్నాడు. పొలం పనికి వెళ్లే ఆడవాళ్లలాగే నేనూ చీర మీద మగవాళ్ల చొక్కా తొడుక్కునేదాన్ని. ఛాతీ మీది జేబు చాలు కదా అన్నాను. బకెట్ మీదికి వంగమన్నాడు. కత్తి ఒరతో సహా నీళ్లలో పడింది. చివరికి చొక్కా లోపల పక్కన ఇంకో జేబు కుట్టించి, తాడును కింది కాజాకు కట్టించాడు. ఆ తర్వాత రోజూ పొద్దున నేను రాగానే ఆయన చేసే పని ఒకటుండేది. దండం లేదు, బాగున్నవా లేదు. "తాడు ఉన్నదా?" అని దాని కొస పట్టి ఒకసారి గుంజి చూసేవాడు. మొదట్లో విసుగు వచ్చేది. చేతిని తోసేసిన రోజులూ ఉన్నాయి. ఆయన పట్టించుకునేవాడు కాదు.

ఇక ఆ రోజు సంగతి. దుకాణం వెనక పెరట్లో గడ్డి కోసే మిషన్లు బాగు చేసి మోటారు పెట్టి నడిపించి చూసేవాళ్లం. మధ్యాహ్నం సేటు ఒక్కడే వెనక మిషన్ నడుపుతున్నాడు. నేను ముందర ఎవరితోనో గంట సరిగ్గా మోగుతుందా లేదా అని వాదిస్తున్నాను. మోటారు చప్పుడు మారింది. అరుపేమీ వినబడలేదు, మోటారు మూలుగుతున్నట్టు అయింది, అంతే. గంట అక్కడే పడేసి పరుగెత్తాను.

సేటు మెడలోని తువ్వాల కొస మోటారు తిప్పే పట్టాలో చిక్కుకుని చుట్టుకుపోతోంది. ఎడమ చెయ్యి మిషన్ చట్రానికి ఆనించి తల వెనక్కి పట్టుకుని ఉన్నాడు. ఆ చెయ్యి తీస్తే ముఖం పట్టా మీద పడుతుంది. కుడి చేతిలో కత్తి ఉంది. ఆ కత్తితో తువ్వాలను కొడుతున్నాడు, తెగడం లేదు. కత్తికి ఒర అట్లాగే ఉంది. గొంతు బిగిసి మాట రావడం లేదు, కళ్లు మాత్రం నన్ను చూశాయి. స్విచ్ అవతలి గోడకుంది, మధ్యలో దాణా బస్తాలు. బస్తాలు దాటి వెళ్లొచ్చేలోపు ఏమవుతుందో ఆలోచించే తీరిక లేదు. ఎడమ చెయ్యి ఆయన మెడకూ తువ్వాలకూ మధ్య దూర్చాను. నా వేళ్లు కూడా అందులో నలిగాయి. కుడి చెయ్యి చొక్కా లోపలికి పోయింది. ఒర తాడు దగ్గర ఆగింది, కత్తి వచ్చింది. రెండు కోతల్లో తువ్వాల తెగి, ఆయన వెనక్కి నా మీద పడ్డాడు. తెగిన ముక్క చక్రంలో పడి టపటపా కొట్టుకుంటూనే ఉంది, బస్తాల మీద నుంచి పాకి వెళ్లి స్విచ్ ఆపాను.

చాలాసేపు దగ్గాడు. దగ్గు తగ్గాక ఆయన అన్న మొదటి మాట ఇది. "తువ్వాల కొత్తది, సుగుణమ్మా."

అప్పుడు వచ్చింది నాకు ఏడుపు. ఏడుస్తూనే తిట్టాను. "ఇంకోసారి తువ్వాల పేరెత్తినవంటే ఆ మిగిలినది గుడ కోస్త. చేవెళ్లంత తాళ్లు కట్టినవు గదా, నీదేది? నీ తాడేది సేటు?"

ఆయన చేతిలోని కత్తిని కొత్త వస్తువును చూసినట్టు చూశాడు. "పొద్దుగాల కొండకల్ పాలాయన కత్తి తీస్కపోయిండు. సన్నతాడు అయిపోయింది. ఉత్త ఒరతోని పంపుడెట్ల? నాది ఇప్పి కట్టిన. సాయంత్రం కొత్తది కట్టుకుందామనుకున్న." పిల్లవాడు ఇంట్లో చెప్పుకున్నట్టు చెప్పాడు. నాకు ఆయన మీద కోపం, భయం, ప్రేమ అన్నీ ఒకేసారి పొంగాయి. నీళ్లు తాగించి, ఆటోలో ఎక్కించి, వాళ్ల ఇంట్లో దింపేదాకా ఆయన మోచెయ్యి వదల్లేదు.

మర్నాడు మెడ మీద ఎర్రటి గీత, భుజం మీద పాత తువ్వాలతో వచ్చాడు. ఎప్పటిలాగే నా తాడు గుంజి చూశాడు. తర్వాత తన చొక్కా కొంచెం పైకెత్తి, "నాది గుడ జర చూడు," అన్నాడు. ఆ తర్వాత అది మా ఇద్దరి పద్ధతి అయింది. ఆయన నాది చూసేవాడు, నేను ఆయనది చూసేదాన్ని, ఆ తర్వాతే షట్టరు పూర్తిగా లేచేది. చాలా ఏళ్లకు ఒక చలికాలం తెల్లవారుజామున నిద్రలోనే పోయాడు. ఇప్పుడు అక్కడ సెల్‌ఫోన్ల దుకాణం ఉంది. నేను బర్రెల పనికి పూర్తిగా దిగాను. కత్తి అదే, ఒర అదే. పొద్దున కొట్టంలోకి వెళ్లేముందు కాజా దగ్గర ఎవరైనా గుంజుతారేమోనని ఒక్క క్షణం ఆగడం మాత్రం పోలేదు. నా అంతట నేను కట్టుకున్న ముడి మీద నాకెప్పుడూ నమ్మకం కుదరలేదు.

లావణ్యకు చివరికి మొయినాబాద్‌లోనే ఒకటి దొరికింది. నాలుగు వేళ్ల అలుగు, గరుకు పిడి. ప్లాస్టిక్ ఒరను పక్కన పడేసి, చేవెళ్ల బస్టాండు దగ్గర చెప్పులు కుట్టే ఆయనతో తోలు ఒర కుట్టించాను. ఆదివారం అంతా లావణ్యను కూర్చోబెట్టి లేపాను. సబ్బునీళ్లు, బకెట్, స్కూటీ, ఏదీ వదల్లేదు. "ఉద్యోగం కన్న ఇదే కష్టమున్నది," అని గొణుక్కుంటూ చేసింది.

సోమవారం పొద్దున లావణ్య తయారై స్కూటీ తీసింది. నేను జేబు దగ్గర చెయ్యి పెట్టాను. కత్తి ఉంది, ఒర ఉంది, తాడు లేదు. తాడు నిన్నటి ప్యాంటుకే ఉండిపోయి బట్టల బకెట్లో నానుతోంది.

"రేపు కట్టుకుంట అమ్మా. లేటయితున్నది, మొదటి రోజు."

నా చేతులు నన్ను అడగలేదు. అవి నా కాజా దగ్గరికి పోయి ముడి విప్పడం మొదలుపెట్టాయి. సగం విప్పాక సేటు చేతిలోని ఒర తొడిగిన కత్తి కళ్లముందుకు వచ్చింది. ఆయన చేతులు కూడా ఇట్లాగే, ఆలోచించకుండానే, పోయి ఉంటాయి. అక్కడే ఆపేశాను.

"ఆగు," అన్నాను.

"అమ్మా, లేట్."

"కానియ్యి."

కొట్టంలోకి పోయి కొత్త నైలాన్ తాడు చుట్టలో నుంచి జానెడు కోసి, ఒక పేట విప్పి, కొసలు పొయ్యి మీద కాల్చి తెచ్చి ఒరకూ బెల్టు పట్టీకీ కట్టాను. ఒకసారి గుంజి చూశాను. గట్టిగా ఉంది. "ఇగ పో," అన్నాను.

లావణ్య స్కూటీ స్టార్ట్ చేసింది కానీ కదల్లేదు. ఒక కాలు నేల మీద ఆనించి, వంగి, నా చొక్కా అంచు పట్టుకుని కాజా దగ్గరున్న తాడును గుంజింది. సగం విప్పిన ముడి దాని చేతిలోకి ఊడి వచ్చింది.

"నీది ఊడి ఉన్నదమ్మా," అంది. "నువ్వు కట్టుకున్నంకనే నేను పోత."

సేటు పోయిన తర్వాత నా తాడు గుంజి చూసిన మొదటి చెయ్యి అది. స్కూటీ చప్పుడు అవుతూనే ఉంది. కళ్లకు ముడి సరిగ్గా కనబడకపోయినా, లావణ్య చూస్తుండగా కట్టుకున్నాను.