బాపు మీసం తీసిన రోజు

మంగలి దుకాణం ముందు గడ్డం సబ్బు వాసన తగిలితే, ఇప్పటికీ నాకు తెలియకుండానే నా అడుగులు వేగమవుతాయి.

గోదావరిఖని కాలనీలో మా బాపును అందరూ మీసాలన్న అనేవారు. బొగ్గు బాయి నుంచి ఒళ్లంతా నల్లగా వచ్చినా, ముందు మీసమే కడుక్కుని, ఆముదం రాసి, కొసలు మెలితిప్పేవాడు. డెబ్బైల మొదట్లో, నేను రెండో తరగతిలో ఉండగా, ఒక పొద్దున ఆయన మీసం లేకుండా మంగలి దుకాణం నుంచి బయటికొచ్చాడు.

తల్లో తండ్రో పోతేనే మగవాళ్లు మీసం తీస్తారని నాకు తెలుసు. తాత ఎప్పుడో పోయాడు. ఇక మిగిలింది బాపు తల్లి, మా బాపమ్మే. బాపు పిలుస్తున్నా వినకుండా ఇంటికి పరుగెత్తాను. చెప్పు తెగినా ఆగలేదు. దారిలో ఎవరు నవ్వినా కోపమొచ్చింది.

బాపమ్మ వాకిట్లో బియ్యం చెరుగుతోంది.

"నువ్వు సచ్చిపోలేదా బాపమ్మా?" అని ఏడ్చాను.

అంతలో బాపు వచ్చాడు. ఆ ముఖం చూసి ఆమె చేట కింద పెట్టింది.

"నేను బతికుండంగనే మీసం తీస్తివేందిరా?"

"బాయిల గ్యాసు లేస్తె లోపటున్నోళ్లను తెచ్చే మందిల నన్ను తీసుకున్నరే అవ్వా. మూతికి మాస్కు గట్టిగ అంటాలె. మీసముంటె గ్యాసు దూరుతది."

నాకు ప్రాణం లేచొచ్చింది. బాపమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తన చావు తలచుకుని ఏడుస్తోందనుకుని, "నీకేం కాలేదు బాపమ్మా" అని ఓదార్చాను.

ఆ తర్వాత వేళగాని వేళ బాయి సైరను మోగిందంటే ఆమె ఇంట్లోకీ వాకిట్లోకీ తిరుగుతూనే ఉండేది. బాపు ప్రతిసారీ తిరిగొచ్చాడు.

అందరూ బయటికి పరుగెత్తే చోట తన కొడుకు లోపలికి పోతాడని, బాపు మాస్కు మాట చెప్పిన క్షణమే ఆమెకు అర్థమైంది. నాకు అర్థం కావడానికి, నా కొడుకు మొదటిసారి బాయి షిఫ్టుకు బయలుదేరిన రోజు దాకా పట్టింది.