పెదనాన్న నడిచిన కల్లం

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మా ఊళ్ళో దెయ్యాన్ని చూశానన్న ప్రతివాడూ అప్పటికి మందులో ఉన్నవాడో, పని ఎగ్గొట్టినవాడో. పైగా నేను చెప్పబోయేది జరిగింది మిట్టమధ్యాహ్నం. దెయ్యం కథకు ఉండాల్సిన కనీస మర్యాద కూడా దీనికి లేదు.

మాది పెదకాకాని అవతల ఒక పల్లె. మా పెదనాన్న మిలిటరీలో చేసి, ఎడమకాలు కొంచెం ఈడుస్తూ తిరిగొచ్చాడు. అది సరిహద్దులో తగిలిన దెబ్బ అని ఊరంతా చెప్పుకునేది. ఆయన్ని అడిగితే, "వాలీబాల్ ఆడుతూ పడ్డానురా" అనేవాడు.

ఏటా కల్లంలో ఎండబోసిన మిరపకాయలు తిరగేసే పని ఆయనదే. తిరగేయకపోతే అడుగు కాయ తెల్లబడి తాలవుతుంది. కాయల్లో కాళ్ళు ఈడుస్తూ నడిస్తే కిందివి పైకొస్తాయి, వెనక రెండు చాళ్ళు పడతాయి. మేమంతా వంకరటింకరగా నడుస్తాం. ఆయన గీత గీసినట్టు వెళ్ళి, చివర మడమ మీద గిర్రున తిరిగేవాడు. అక్కడ గుండ్రంగా గుంట పడేది. ఎడమ చాలు ఎప్పుడూ లోతుగా ఉండేది.

ఈ ఏడు కోతలు మొదలైన వారానికే గుండెపోటుతో పోయాడు. ఆ తర్వాత పెద్దమ్మ కల్లం వైపే రాలేదు, ఏడవనూ లేదు. ఇద్దరూ కలిసి పెంచిన చేను. "కుళ్ళిపోతే పోనీరా, ఎవరి కోసం ఇంకా?" అంది. ఆమెను చూస్తుంటే మాకు కాయ కంటే ఆమె గురించే భయమేసింది.

ఆదివారం చర్చిలో జ్ఞాపకార్థ కూడిక. ముందుగా వెళ్ళి కాయలు తిరగేసి రమ్మని అమ్మ నాకు చెప్పింది. నేను మైకు సెట్టు సర్దే పనిలో పడి మర్చిపోయాను. పాస్టరు గారు ప్రార్థన మొదలుపెట్టాక గుర్తొచ్చింది. ఆయన ప్రార్థన నిడివి తెలిసినవాళ్ళకు నా అవస్థ అర్థమవుతుంది.

పెదనాన్న ప్రాణస్నేహితుడు మస్తాన్ గారు లేచి, "మా మిలిట్రీవాడు పేకాటలో కూడా మోసం చెయ్యలేదండీ. అందుకే ఎప్పుడూ ఓడిపోయేవాడు" అన్నాడు. అందరూ నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు.

భోజనాలు వడ్డిస్తుండగా జారుకుని బండి మీద కల్లానికి పోయాను.

కాయలు తిరగేసి ఉన్నాయి.

నిన్న మేం తీసిన వంకర చాళ్ళు లేవు. తిన్నటి వరసలు. ఎడమ చాలు లోతు. ప్రతి వరస చివరా గుండ్రటి గుంట. ఎన్ని గుంటలో లెక్కపెట్టలేదు. లెక్కపెట్టాలంటే దగ్గరికి పోవాలి.

కూలీలంతా చర్చిలోనే ఉన్నారు. మస్తాన్ గారు నా ముందు బెంచీలోనే ఉన్నాడు. కుక్కలేమో అనుకున్నాను. మా ఊరి కుక్కలకు అంత క్రమశిక్షణ లేదు.

సాయంత్రం మస్తాన్ గారు పట్టుబట్టి పెద్దమ్మను ఆటోలో కల్లానికి తెచ్చాడు. "రామ్మా చెల్లెమ్మా, కాయలేం పాపం చేశాయి?"

పెద్దమ్మ ఆ చాళ్ళు చూసింది. అక్కడే మట్టిలో కూలబడి, ఆయన పోయాక మొదటిసారి ఏడ్చింది.

"శభాష్ రా! అచ్చం మీ పెదనాన్నలాగే తీశావే" అన్నాడు మస్తాన్ గారు నాతో.

అవునంటే సరిపోయేది. అబద్ధాలు నాకు కొత్తేమీ కాదు. ఆ ఒక్కటీ మాత్రం ఆడలేకపోయాను. "నేను కాదు పెద్దమ్మా. నేను మర్చిపోయాను."

ఆమె కళ్ళు తుడుచుకుంది. "తెలుసులేరా. నువ్వెప్పుడు తిన్నగా నడిచావు గనక?"

మర్నాడు ఎండెక్కాక ఆమే చెప్పులు విడిచి కల్లంలోకి దిగింది. ఒక్క ఫోటో తీసుకుంటానన్నాను. "ముందు తప్పుకో, కాయ తాలవుతుంది" అని ఆ చాళ్ళకు అడ్డంగా, ఒక్కటీ మిగల్చకుండా నడిచింది.

కాబట్టి నా దగ్గర రుజువేమీ లేదు. ఎవరు తిరగేశారో ఇప్పటికీ తెలియదు. అడగాల్సినవాళ్ళందరినీ అడిగాను, ఒక్కరిని తప్ప. ఇప్పుడు కల్లానికి ఒంటరిగా పోవాల్సి వస్తే మాత్రం, పట్టపగలైనా సరే, దూరం నుంచే గట్టిగా దగ్గుతూ పోతున్నాను.