సాఫ్ చేయించిన జాగా

ఈ రోజు కల్వకుర్తిలో మా కాలనీ హాల్లో, సీతాకోకచిలుకలు వచ్చేలా తోట ఎలా పెంచాలో ఒకాయన చెప్పారు. ఏర్పాట్లు నావి. పట్నం నుంచి వచ్చే మనిషికి అసహ్యంగా కనబడొద్దని నిన్ననే హాలు వెనుక పిచ్చిమొక్కలన్నీ దగ్గరుండి పీకించి, క్రోటన్ కుండీలు పెట్టించాను.

పురుగు తినే ఆకు లేనిచోట సీతాకోకచిలుక ఉండదని ఆయన చక్కగా వివరించారు. చివర్లో హుషారుగా, "రాండ్రి, హాలు ఎనుక తంగేడు మీద గొంగళిపురుగులున్నయి, చూపిస్త. పోయినవారమే చూసిపోయిన" అన్నారు.

అందరం వెళ్లాం. నున్నటి నేల, నా క్రోటన్లు.

"గీడ తంగేడుండె గదా?" అన్నారాయన.

నేను నోరు తెరిచేలోపే మా సెక్రటరీ గర్వంగా, "మా సారే దగ్గరుండి సాఫ్ చేయించిండు!" అన్నాడు. అలవాటు కొద్దీ జనం చప్పట్లు కొట్టారు. మర్యాద కోసం ఆయన కూడా కొట్టారు. ఆ చప్పుడే ఇంకా చెవుల్లో ఉంది.

ఏటా బతుకమ్మకు అదే తంగేడు పువ్వు కోసం ఊరవతల గుట్టలన్నీ తిరిగేది కూడా నేనే.

ఎవరి దగ్గరైనా తంగేడు గింజలుంటే చెప్పండి. వచ్చి తీసుకుంటాను. నాటుతున్నానని మాత్రం సెక్రటరీకి చెప్పకండి.