గుడ్ ఫ్రైడే గుట్ట

మొన్న ఎల్బీనగర్ మెట్రో మెట్లెక్కుతుంటే, నా ముందున్న ఒకామె సగంలోనే కూర్చుండిపోయి కొంగుతో ముఖం తుడుచుకుంది. అమ్మతో వెళ్లిన గుట్ట గుర్తొచ్చింది.

అప్పుడు మన్సూరాబాద్‌లో కిరాయికి ఉండేవాళ్లం. నాకు ఎనిమిదేళ్లు. ఏటా గుడ్ ఫ్రైడే నాడు మా చర్చివాళ్లు పెద్ద అంబర్‌పేట్ దాటాక ఉన్న ఒక గుట్టెక్కి ప్రార్థన చేసేవాళ్లు. ఆ ఏడు నేనూ వస్తానని మొండికేస్తే అమ్మ, చిన్నమ్మ తీసుకెళ్లారు. నేను గుట్ట ఎక్కడం అదే మొదటిసారి. ఎండకు బండలు కాలుతున్నాయి, చెప్పులు జారుతున్నాయి, తుమ్మముళ్లు గౌను పట్టి లాగుతున్నాయి. కాస్త దూరం నడిచి అమ్మ కూర్చునేది.

“జర ఆగు బిడ్డా. నీ కాళ్లు గుంజుతున్నయేమో.”

“నాకేం గుంజుతలేవు,” అన్నాను. నన్ను చేతగానిదాన్ని అనుకుంటోందని ఏడుపొచ్చింది.

సగం ఎక్కాక, “నువ్వు చిన్నమ్మతోని పో. నేనీడనే కూసుంట,” అంది.

మోకాళ్లు గీరుకుపోయినా ఎలాగో పైకి చేరాను. అక్కణ్నుంచి చెయ్యూపితే అమ్మ చూడలేదు. మావైపు వీపు పెట్టి కూర్చుంది.

దిగి వచ్చి, “నా మీద కోపమొచ్చిందా?” అని అడిగాను.

“కోపమెందుకు? మన ఇల్లు కనబడ్తదేమోనని చూస్తున్న.”

నేనూ పక్కన కూర్చుని చాలాసేపు ఇల్లు వెతికాను.

ఆ వానాకాలంలోనే అమ్మ పోయింది. గుండె బాగాలేదని, ఎత్తులెక్కొద్దని దవాఖానలో ముందే చెప్పారట. నేను పెద్దయ్యాక చిన్నమ్మ ఆ మాట చెప్పి, “ఆయాసం నీకు కనబడొద్దని అటు మల్లి కూసున్నది,” అంది.