వెనక వచ్చే బస్సు: వదినతో కార్ఖానా నుంచి కీసరగుట్ట దాకా

మా వదిన అనసూయ, అంటే మా ఆయన అక్క, సికింద్రాబాద్ కార్ఖానా పేటలో మా పై వాటాలోనే ఉంటుంది. ఆమెకు అరవై మూడేళ్ళు. కాళ్ళ వాపు, బీపీ ఉన్నందువల్ల డాక్టరుగారు రోజూ పొద్దున ఒక నీళ్ళ మాత్ర వేసుకోమన్నారు. అది వేసుకుంటే మూడు నాలుగు గంటల పాటు మాటిమాటికీ బాత్రూమ్‌కు వెళ్ళాల్సి వస్తుంది. నలుగురికీ చెప్పుకునే సంగతి కాదు కదా, అందుకని వదిన తనకు తోచిన ఉపాయం చేసుకుంది. ఎక్కడికైనా వెళ్ళే రోజు మాత్ర మానేసేది, మంచినీళ్ళు కూడా ముట్టేది కాదు. పోయిన ఏడాది పెళ్ళిళ్ళ రోజుల్లో అలా వరసగా మానేసి, ఆయాసంతో నాలుగు రోజులు ఆసుపత్రిలో ఉంది. డాక్టరుగారు గట్టిగా కోప్పడ్డాక మాత్ర మానలేదు, ప్రయాణాలే మానేసింది. ఆసుపత్రి మంచం మీద ఉన్నప్పుడు మాత్రం కీసరగుట్ట శివయ్యకు అభిషేకం చేయిస్తానని మొక్కుకుంది. ఆ మొక్కు పది నెలలుగా తీరకుండా ఉండిపోయింది.

క్యాబ్‌లో వెళ్దామన్నాను. పోవడానికే ఆరు వందల పైన చూపించింది. ఆ డబ్బు తన తమ్ముడే, అంటే మా ఆయనే, పెట్టుకుంటాడులే అని వదిన నవ్వి, అసలు సంగతి చెప్పింది. "మొగ డ్రైవర్‌ను యాడ ఆపమని అడుగుత సరోజా? నోరెట్ల వస్తది? బస్సైతే ఇంకా పరేషాన్. ఎప్పుడొస్తదో తెల్వదు, దిగితే మళ్ళ దొరుకుతదో లేదో తెల్వదు. శివయ్యకు తెలుసు నా తక్లీఫ్, ఆయనే మాఫ్ చేస్తడు." అంతటితో మాట ముగించి లోపలికి వెళ్ళిపోయింది. నాకు మాత్రం ఆ రాత్రంతా మనసులో అదే.

మా శనివారం భజనకు వచ్చే రమాదేవిగారు ఆ వారమే నా ఫోన్‌లో సిటీ బస్సుల యాప్ ఒకటి వేసిపెట్టారు. ఎక్కే స్టాపు, దిగే స్టాపు పెడితే ఏ బస్సు ఎన్ని నిమిషాల్లో వస్తుందో చెబుతుంది. బస్సు రోడ్డు మీద కదులుతుంటే ఫోన్‌లో చిన్న గుర్తు కూడా కదులుతుంది. నేను పదో తరగతి చదివినదాన్ని, ఇలాంటివి వెంటనే నమ్మలేను. అందుకని అయిదు రోజులు మా బాల్కనీలో నిలబడి పరీక్షించాను. జపమాల ఒకసారి తిప్పడానికి నాకు సుమారు ఆరు నిమిషాలు పడుతుంది. యాప్ ఆరు నిమిషాలు అన్నప్పుడు మాల మొదలుపెట్టేదాన్ని. నాలుగు రోజులు మాల పూర్తయ్యేసరికి బస్సు మలుపు తిరిగింది. ఒక రోజు మాత్రం ఫోన్‌లోని గుర్తు ఒకేచోట ఆగిపోయింది, బస్సేమో నా కళ్ళ ముందు నుంచే వెళ్ళిపోయింది. మనుషులు చేసిన వస్తువు, ఆ మాత్రం తప్పు ఉంటుంది. అయినా వదినను బతిమాలాను. "మాత్ర వేసుకునే వెళ్దాం. నీకు కష్టమైన చోట దిగిపోదాం. ఆ బాధ్యత నాది" అన్నాను. శివరాత్రి రద్దీ మొదలవకముందే ఒక సోమవారం అనుకున్నాం.

ఆ రోజు పొద్దున ఆరింటికి వదిన పాలు తాగి మాత్ర వేసుకుంది. అభిషేకం అయ్యేదాకా ఇంకేమీ తిననంది. ఏడున్నరకు తయారై, స్టాపుకు వెళ్ళకుండా ఇంట్లోనే కూర్చున్నాం. బస్సు పది నిమిషాల దూరంలో ఉందనగా వదిన ఇంకొకసారి బాత్రూమ్‌కు వెళ్ళివచ్చింది. ఏడు నిమిషాలు అనగానే తాళం వేశాం. ఎండలో నిలబడింది రెండు నిమిషాలే. బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకు జీరో టికెట్ ఇస్తారు, అది తెలిసిందే. ఎనిమిదింపావుకు సికింద్రాబాద్ స్టేషన్ దగ్గర దిగాం. అక్కడ అయిదు రూపాయలిచ్చి వెళ్ళే టాయిలెట్ ఉంది, శుభ్రంగానే ఉంది.

ఇక్కడ నేను ఒక పొరపాటు చేశాను. స్టేషన్ చుట్టూ స్టాపులు చాలా ఉంటాయి, ఒక్కో వైపు బస్సులు ఒక్కో చోట ఆగుతాయి. యాప్‌లో స్టాపు పేరు చూశాను గానీ అది రోడ్డుకు ఏ పక్కన ఉందో చూడలేదు. కీసర బస్సు వచ్చేసిందని ఫోన్ చెబుతోంది, మా ముందు మాత్రం ఏమీ లేదు. తలెత్తి చూస్తే రోడ్డు అవతల నుంచి కదిలిపోతోంది.

"అగో, నీ ఫోన్ల బస్సు వచ్చింది, ఎక్కుదామా?" అంది వదిన.

నాకు సిగ్గు వేసింది. ఆమె మాత్రం కోప్పడలేదు. మెల్లగా రోడ్డు దాటాం, తర్వాతి బస్సు పావుగంటకు వచ్చింది. ఎనిమిదీ యాభైకి ఇద్దరికీ సీట్లు దొరికాయి.

తార్నాక, మల్లాపూర్ దాటేదాకా వదిన ఉత్సాహంగా కిటికీలోంచి చూస్తూ, ఏది కొత్తగా కట్టారో, ఏది కూల్చారో చెబుతూనే ఉంది. కుషాయిగూడ దాటాక మాటలు తగ్గాయి. ఒకసారి ఇంకెంత దూరం అంది. అయిదు నిమిషాలకు మళ్ళీ అడిగింది. మూడోసారి అడగలేదు, నా చెయ్యి పట్టుకుంది. ఆ పట్టులోనే నాకు అర్థమైంది. కీసర ఇంకా అరగంట ఉంది. ఫోన్ తీసి చూశాను. మా వెనక ఇంకో కీసర బస్సు బయలుదేరి ఉంది, మా తర్వాతి స్టాపు నాగారానికి పద్దెనిమిది నిమిషాల్లో వస్తుంది.

"దిగుదాం వదినా."

"వద్దు, ఓర్చుకుంట. అభిషేకం టైమ్ దాటిపోతది."

"దాటదు. వెనక ఇంకోటి వస్తోంది, ఇదిగో చూడు."

ఆమె ఆ కదిలే గుర్తును ఒక్క క్షణం చూసి లేచి నిలబడింది. కండక్టరమ్మ "కీసర అన్నరు కదమ్మా?" అంది. నేను ఆమె చెవిలో చెప్పాను. ఆమె ఇంకేమీ అడగకుండా బెల్ కొట్టి, "జెర మెల్లగ దిగమ్మా" అని వదిన భుజం పట్టుకుని దింపింది.

స్టాపు పక్కనే చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. దాన్ని నడిపేది నా ఈడు ఆవిడే. నాది చిన్న గొంతు. అక్కడ గ్రైండర్ తిరుగుతోంది. రెండుసార్లు అడిగినా ఆమెకు వినిపించలేదు. పక్కన వదిన మొహం చూశాను. ఎప్పుడూ లేనిది, నలుగురు మగవాళ్ళు దోసెలు తింటుండగా గట్టిగా అడిగేశాను. "అమ్మా, మా వదిన బాత్రూమ్‌కు వెళ్ళాలి!"

ఆమె గ్రైండర్ ఆపింది. "గిదేం అడుగుడమ్మా, ఆడోళ్ళం కాదా మనం? రా పెద్దమ్మా" అని చేతులు తుడుచుకుని, వెనక తన ఇంట్లోకే తీసుకువెళ్ళింది.

వదిన తిరిగి వచ్చినప్పుడు మొహం తేటగా ఉంది. ఆవిడ చెంబుతో మంచినీళ్ళు ఇచ్చింది. బయట గుక్కెడు కూడా తాగని మనిషి చెంబు అందుకుని, నా వైపు తిరిగి "ఇంకెన్ని నిమిషాలున్నది?" అంది. ఆరు అన్నాను. "అయితే ఒక మాల" అని, నీళ్ళు కడుపు నిండా తాగి, బెంచీ మీద కూర్చుని జపం మొదలుపెట్టింది. మాలలో ఇంకో పది పూసలు ఉన్నాయనగా బస్సు వచ్చింది.

కీసర ఊళ్ళో దిగి, గుట్ట మీదికి షేర్ ఆటోలో మనిషికి ఇరవై ఇచ్చాం. పదీ నలభైకి గుడిలో ఉన్నాం. పూజారిగారు సంకల్పం చెబుతూ గోత్రం, పేర్లు అడిగారు. వదిన మా అందరి పేర్లూ చెప్పి ఆగింది. "సరోజా, నాగారం ఆమె పేరేంది?" నాకు తెలియదు. అడగనే లేదు. లింగం మీద నీళ్ళు ధారగా పడుతున్నంతసేపూ వదిన చేతులు జోడించి, కళ్ళు మూసుకోకుండా ఆ ధారనే చూస్తూ ఉంది.

తిరుగు ప్రయాణంలో అవసరం లేకపోయినా నాగారంలో దిగాం. ఈసారి వదినే ముందు దిగింది. ప్రసాదం చేతిలో పెట్టి "నీ పేరేందమ్మా?" అని అడిగింది.

"యాదమ్మ. నా పేరెందుకు పెద్దమ్మా?"

"శివయ్యకు చెప్పేదున్నది. పొద్దుగాల మర్చిపోయిన."

యాదమ్మ నవ్వుతూ ప్రసాదం కళ్ళకద్దుకుని, వేడిగా రెండు దోసెలు వేసింది. దోసె నలభై రూపాయలు, అల్లం పచ్చడి చాలా బాగుంది. మూడింటికల్లా కార్ఖానాలో మా ఇంట్లో ఉన్నాం.

ఆ రోజు తలచుకుంటే నాకు దణ్ణం పెట్టాలనిపించేవాళ్ళు చాలామంది ఉన్నారు. ఆ కండక్టరమ్మ, యాదమ్మ, నాకు ఓపిగ్గా నేర్పిన రమాదేవిగారు, ఎవరో మొహం తెలియకపోయినా ఆ యాప్ తయారుచేసిన పిల్లలు. ఫోన్ మాకు తలుపు తీయలేదు, తీసింది యాదమ్మే. కానీ ఆ తలుపు దగ్గర దిగే ధైర్యం ఫోన్ ఇచ్చింది. ఇప్పుడు వదిన రోజూ సంధ్యాదీపం పెట్టేటప్పుడు ఇంట్లోవాళ్ళ పేర్ల చివర ఇంకో పేరు చేర్చి చెబుతోంది. మాత్ర వేసుకున్నాక, వచ్చే సోమవారం ఎక్కడికి పోదామని కూడా అడుగుతోంది.

మీ ఇంట్లోనూ ఇలా బయటికి చెప్పుకోలేక ఆగిపోయినవాళ్ళు ఉంటే ఒక్క మాట. ఎక్కబోయే బస్సు ఒక్కదాన్నే చూసుకోకండి, దాని వెనక వచ్చేది ఎంత దూరంలో ఉందో కూడా చూసి వాళ్ళకు చూపించండి.