రత్నమ్మ ఈస్ట్‌కు వేసిన బెల్లం

కరోనా సద్దుమణిగిన మరుసటి వేసవి. కేజీఎఫ్ శివార్లలోని ఒక చిన్న ఎంజైమ్ యూనిట్‌లో ల్యాబ్ బాధ్యత నాది. తాత ఇక్కడి బంగారు గనిలో రాయి తొలిచాడు, నేను అదే ఊళ్లో ఈస్ట్ పెంచుతున్నాను. మా సరుకు లాక్టేజ్. పాలలోని చక్కెరను విడగొట్టే ఎంజైమ్ అది, పాలు సరిపడని వాళ్లకు పనికొస్తుంది. దాన్ని తయారుచేసే ఈస్ట్‌కు పెట్టే తిండిని మీడియా అంటాం. పనీర్ తీశాక మిగిలే, పాల చక్కెర ఉండే నీళ్లు, కొన్ని లవణాలు, అంతే.

మీడియా కలిపేది రత్నమ్మ. పక్కనున్న క్యాసంబళ్ళి మనిషి. అంతకుముందు ఇరవై ఏళ్లు పట్టుపురుగులు పెంచింది.

ఆ నెల ఒక బ్యాచ్‌లో ఈస్ట్ ఏపుగా పెరిగింది. ద్రవం ఎంత చిక్కబడిందో చెప్పే స్పెక్ట్రోఫోటోమీటర్ అంత పెద్ద అంకె చూపడం నేనెప్పుడూ చూడలేదు. "భలే కలిపినావు రత్నమ్మా, ఇట్లే ఉండనీ" అన్నాను. మూడు రోజులకు ఎంజైమ్ పరీక్ష ఫలితం వచ్చింది. లాక్టేజ్ దాదాపు లేదు. తర్వాతి రెండు బ్యాచ్‌లూ అంతే.

మీడియాను ఆవిరితో ఉడికించే ఆటోక్లేవ్ దగ్గర ఈమె అశ్రద్ధ చేస్తోంది, వేరే క్రిములు చేరుతున్నాయి అనుకున్నాను. మైక్రోస్కోప్ కింద చూస్తే తేలిపోయేది. చూడలేదు. కోపంగా ఉన్నాను మరి. నిర్లక్ష్యం అని యజమానికి రాసిచ్చాను. నెలాఖరుకు మాన్పించమన్నాడాయన. ఆమె మొగుడు మంచాన ఉన్నాడని, ఈ ఉద్యోగం మీదే ఇల్లు నడుస్తోందని నాకు తెలుసు.

ఆ మాట చెబుదామని మీడియా గదికి వెళ్లాను. నా ఎదుటే రత్నమ్మ ఇంత బెల్లం ముద్ద తీసి పనీర్ నీళ్లలో వేసింది.

"ఇదేంది?"

"బెల్లం సార్. ఎండలకు నీళ్లు పల్చగా వస్తా ఉండాయి. పురుగుకు ఆకు తక్కువేస్తే గూడు కట్టేది యాడ? ఇదీ అట్లే కదా అని ఏసినాను."

"నాకు చెప్పొద్దా?"

"మీరే ఇట్లే ఉండనీ అంటిరి కదా సార్. ఇంగేం చెప్పేది?"

పట్టుపురుగు విషయంలో ఆమె మాట నూటికి నూరుపాళ్లు నిజం. ఈస్ట్ దారి వేరు. తేలిగ్గా అరిగే తీపి దొరికినంతసేపు అది పాల చక్కెర జోలికి పోదు, కాబట్టి లాక్టేజ్ చేసే అవసరమే దానికి రాదు. దీన్నే గ్లూకోజ్ రిప్రెషన్ అంటాం. చదువుకునే రోజుల్లో పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను.

ఇదంతా ఆమెకు చెప్పాను. "అయితే దాన్ని ఆకలితో పెట్టాలంటారు." అవునన్నాను. "పాపం" అని బెల్లం డబ్బా మూత పెట్టింది.

యజమాని దగ్గరికి తిరిగి వెళ్లాను. "అయితే తప్పెవరిది?" అన్నాడు. చెప్పకుండా కలపడం ఆమె తప్పు. ఎంజైమ్ చూడకుండా మెచ్చుకున్నది నేను. సిగ్గేసింది, అయినా అదే చెప్పాను. ఆ కాగితం వెనక్కి తీసుకుని, ఆమె పేరు కొట్టేసి నా పేరు రాశాను. రత్నమ్మ ఉద్యోగం నిలిచింది.

అప్పట్నుంచి ఫలితం వచ్చేదాకా ఏ బ్యాచ్‌నూ మెచ్చుకోను, తిట్టను. అసలు నేర్చుకున్నది అది కాదు. "ఇందులో ఏం వేశావు?" అని అడగడానికి నిమిషం పట్టదు. అది అడగకముందే ఆమె నోటికాడి కూడు తీసే కాగితం మీద సంతకం పెట్టాను. ఆ సంగతి రత్నమ్మకు ఈరోజుకీ తెలియదు.